పది మాటలూ ఆమెకు వచ్చు

ముందే ఒప్పుకుంటే ఒక పని అయిపోతుంది. ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ముసలివాళ్ల మతిమరుపు కొలవడమే వృత్తిగా బతికిన నేను, నా ఇంట్లో నా భార్య మతిమరుపును చమత్కారం అనుకుని మురిసిపోయాను. మురిసిపోయి ఊరుకున్నానా, బస్టాండులో టీ తాగుతూ తోటివాళ్లకు చెప్పి వాళ్లనూ నవ్వించాను. తెలివితక్కువతనానికి కొలత ఉంటే మా ప్రాంతం నుంచి నాదే మొదటి ర్యాంకు అయివుండేది. ఆ ఒక్క సర్వే మాత్రం ఎవరూ చేయలేదు.

నేను తెలుగు చెప్పిన ప్రైవేటు కాలేజీ మూతపడ్డాక, యాభై దాటిన తెలుగు మాస్టారిని ఎవరు పిలుస్తారులే అనుకుంటున్న రోజుల్లో దొరికింది ఆ ఉద్యోగం. చాలా దేశాల్లో ఒకే తీరుగా జరిగే సర్వే అది. వయసు మళ్లినవాళ్ల ఆరోగ్యం ఎలా ఉంది, పని మానేశాక ఎలా బతుకుతున్నారు, ఎవరు చూసుకుంటున్నారు అని ఇంటింటికీ వెళ్లి అడగాలి. కొన్నేళ్ల తరువాత అదే ఇంటికి మళ్లీ వెళ్లి, అదే మనిషిని మళ్లీ అడిగి, ఎంత మారాడో చూడాలి. సర్వేజనా సుఖినోభవంతు అన్న పెద్దలు సర్వే చేసే జనాన్ని కూడా కలిపే అన్నారని నమ్మి చేరిపోయాను.

ఆ ప్రశ్నలు ఎక్కడో చల్లటి దేశంలో పుట్టినవి. మా ఎండకు కాస్త వాడిపోయేవి. "మీరు ఎప్పుడు రిటైర్ అయ్యారు?" అని సీతారామపురం దగ్గర ఒక పెద్ద రైతును అడిగితే, ఆయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటూ, "నన్నెందుకు, నేలనడుగు. అది వద్దన్న పొద్దు మానేస్తా" అన్నాడు. ఆగకుండా మెట్లెక్కగలరా అని ఉదయగిరిలో ఒకావిడను అడిగితే, "మెట్లు మా ఇంట్లో యాడుండాయి? కొండ చూపించు, ఎక్కతా" అంది. పిడికిలి బలం కొలిచే మిషను చేతికిస్తే మాత్రం ఒక్కరూ వెనక్కి తగ్గేవాళ్లు కారు. పక్కింటాయన ఎంత నొక్కాడో చెప్తేగానీ వదలమని నన్ను నొక్కేవాళ్లు.

వీటన్నిటి మధ్యలో వచ్చేది జ్ఞాపకశక్తి పరీక్ష. పది మాటలు నిదానంగా చదువుతాం. ఒకదానికొకటి సంబంధం లేని మామూలు మాటలు. విన్నవాళ్లు గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. తరువాత వేరే ప్రశ్నలు అడిగి, కాసేపటికి, "ఇందాకటి మాటలు మళ్లీ ఒకసారి చెప్తారా?" అనాలి. అంతే పరీక్ష. దీనికోసం నెల్లూరులో మాకు శిక్షణ ఇచ్చినప్పుడు నియమాలన్నీ గట్టిగా నూరిపోశారు. మొహంలో ఏమీ కనపడకూడదు. బాగా చెప్పారు అనకూడదు, అయ్యో అనకూడదు. పక్కనున్నవాళ్లను అందించనివ్వకూడదు. ఎన్ని గుర్తున్నాయో చెప్పకూడదు. చివర్లో శిక్షకుడు ఇంకొకటి కూడా అన్నాడు. "ఇంటికి పోయి అభ్యాసం చేయండి. ఒకే మనిషి మీద మాత్రం చేయొద్దు. వినీ వినీ నోటికొచ్చేస్తాయి. అప్పుడు మీరు కొలిచేది జ్ఞాపకం కాదు, అలవాటు."

మా ఇంట్లో ఉన్నదే ఒక మనిషి. మాకు పిల్లల్లేరు. ఆత్మకూరులో మా వీధివాకిట్లో మిషను పెట్టుకుని ఆమె జాకెట్లు కుట్టేది. ఆ మిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని నేను మాటలు చదివేవాణ్ని.

గొడుగు, చేప, బడి, నిప్పు, అద్దం, తాడు, పెళ్లి, కొండ, పాలు, రైలు.

ఆమె తల ఎత్తకుండా, కాలితో మిషను తొక్కుతూ ఆ తాళానికి అప్పజెప్పేది. మొదట్లో ఆరేడు వచ్చేవి. వారం తిరక్కుండా పదీ వచ్చేశాయి.

"ఎన్నొచ్చినాయయ్యా?"

"చెప్పకూడదు."

"పెండ్లానికి గూడా చెప్పగూడదా?"

"రూలంటే రూలే."

"అయితే రాత్రికి ఆ రూలునే అన్నం పెట్టమను."

నా శిక్షణ అయిపోయినా మా ఆట అయిపోలేదు. పొద్దున్నే నేను సంచి తగిలించుకుని గడప దాటుతుంటే వెనకనుంచి పది మాటలూ వినపడేవి. పల్లెల్లో ఎంతోమంది నా ముందు నాలుగో మాట దగ్గర ఆగిపోయి, చేతులు నలుపుకుంటూ, తప్పు చేసిన పిల్లల్లా నావైపు చూసేవాళ్లు. నేను రూలు మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ని. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, మా ఆవిడ నోట రైలు దాకా విని, ఈమెకేం ఢోకా లేదని నిశ్చింతగా చెప్పులు విడిచేవాణ్ని. శిక్షకుడు చెప్పిన మాట అప్పటికే మరిచిపోయాను. మతిమరుపు మా ఇంట్లో ముందు ఎవరికొచ్చిందో చెప్పడం కష్టం.

అలాంటి రోజుల్లోనే ఒకసారి అన్నం తింటుంటే, "ఆ చక్కెర తోడికోడల్ని ఇట్లా అందియ్యి" అంది. ఉప్పు డబ్బా కేసి వేలు చూపిస్తోంది. తెల్లటివాళ్లిద్దరూ ఒకే వంటింట్లో ఉంటూ ఒకరికొకరు పడనివాళ్లు కదా. నేను అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. ఇంకోరోజు తాళంచెవిని తలుపు నాలిక అంది. ఫ్యాను వేయమనడానికి గాలి తిరగలి తిప్పమంది. కాలేజీలో తెలుగు చెప్పింది నేను, తెలుగు వచ్చింది ఈమెకు అనుకున్నాను. బస్టాండు టీకొట్టులో తోటి సర్వేవాళ్లు నన్ను చూడగానే, "ఈ వారం మేడమ్ కొత్త మాటేంది సార్?" అని అడిగేవాళ్లు. చెప్పేవాణ్ని. నాకంత గర్వంగా ఉండేది.

తరువాత జాకెట్టు సంగతి. మా వీధిలో ఒకామె కుట్టించుకున్న జాకెట్టు తిరిగి పట్టుకొచ్చింది.

"ఏందక్కా, రెండు చేతులూ ఎడమవే కుట్టినావు? కుడి చెయ్యి ఎత్తితే పైకి లేవను అంటాండాది."

మా ఆవిడ ఆ జాకెట్టు చేతిలోకి తీసుకుని, తిరగేసి, మళ్లీ తిరగేసి చూస్తోంది. ఎందుకంతసేపు చూస్తోందో నేను ఆలోచించాల్సింది. ఆలోచించే మనిషినైతే ఈ కథ వేరేగా ఉండేది. "మా ఇంట్లో వామపక్షం గెలిచిందమ్మా" అన్నాను. వచ్చినామె పడీపడీ నవ్వింది. మా ఆవిడా నవ్వింది. వచ్చినామె వెళ్లిపోయాక మా ఆవిడ మిషను మీద గుడ్డ కప్పుతూ, నావైపు తిరక్కుండా, "నువ్వు నవ్వబాకయ్యా" అంది.

"ఎందుకు?"

"ఊరికే."

ఆ ఊరికే అన్న మాటను ఊరికే వదిలేశాను.

ఆ తరువాతి విడతలో ఉదయగిరిలో ఒక కిరాణా అంగడికి రెండోసారి వెళ్లాను. మొదటిసారి వెళ్లినప్పుడు అంగడి పెద్దాయన గల్లా దగ్గర కూర్చుని, నా ప్రశ్నలకు జవాబులు చెప్తూ, మధ్యమధ్యలో వచ్చినవాళ్లకు సరుకులు ఇప్పిస్తూ, నన్నూ వాళ్లనూ కలిపి నవ్వించాడు. ఇప్పుడు గల్లా దగ్గర కొడుకు ఉన్నాడు. పెద్దాయన లోపల బియ్యం మూట మీద కూర్చుని ఒక పురికొస ముక్కకు ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టి, మళ్లీ ముడి దగ్గరికి వెళ్లిపోయాడు.

మనిషి తన సంగతి తాను చెప్పలేకపోతే, బాగా తెలిసినవాళ్లు ఆ మనిషి తరఫున చెప్పొచ్చని మా పద్ధతి. దానికి వేరే ప్రశ్నలుంటాయి. మునుపటితో పోలిస్తే వస్తువులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడం ఎలా ఉంది, మాట్లాడిన విషయం గుర్తుండటం ఎలా ఉంది, ఇలాంటివి. కొడుకు గల్లా మూసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఈ మార్పు ఎప్పుడు గమనించారని అడిగాను.

"ఎప్పుడని చెప్పేది సార్. మా నాయన తమాషా మనిషని మీరూ చూసినారు గదా. పసుపు ఇయ్యరా అనేదానికి, ఆ పెళ్లికూతురి రంగు ఇయ్యరా అనేటోడు. కర్పూరాన్ని దేవుడి మంచుగడ్డ అన్నాడు. గిరాకీలందరూ నవ్వేటోళ్లు. నేనూ నవ్వినాను సార్. ఆయన మాటలు వినేదానికే అంగడికొచ్చేటోళ్లు గూడా ఉండారు. అసలు మాట తట్టక అట్లా చుట్టు తిరిగి చెప్తాండాడని మాకేం తెలుసు? నెల్లూరులో డాక్టరు చెప్పినాక తెలిసింది. మొదట పోయేది మాటలేనంట."

నా వేలు జవాబులు నొక్కే ట్యాబ్ మీద ఉండిపోయింది. తెర మసకబారి ఆరిపోయింది.

"ఏంది సార్, మిషను ఆగిపోయిందా?"

లేదన్నాను. ఆ రోజు నా మొహం నియమాల ప్రకారం లేదనుకుంటాను. పెద్దాయన ముడి వదిలేసి నన్నే చూస్తున్నాడు. చూసి చూసి కొడుకుతో, "ఆయనకు ఆ... ఆ గ్లాసులోది, చల్లంగా ఉంటాదే, అది ఇయ్యరా. పాపం" అన్నాడు. కొడుకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇద్దరమూ నవ్వలేదు.

బస్సులో దారి పొడుగునా నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. మా ఆవిడకు ఇంకా అంత వయసు లేదు. పొద్దున కూడా పది మాటలూ చెప్పింది. మాటలు వంకరగా చెప్పేవాళ్లందరికీ జబ్బయితే ముందు నన్ను చేర్చాలి ఆసుపత్రిలో. వాదన బాగానే ఉంది గానీ, అవతలి పక్కన రెండు ఎడమ చేతుల జాకెట్టు వేలాడుతూనే ఉంది.

ఇంటికెళ్లేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ అలాగే ఉంది. కాళ్లు కూడా కడుక్కోకుండా పీట లాక్కుని కూర్చుని, "మాటలు చదువుతా, చెప్పు" అన్నాను. మా దగ్గర వేరే పట్టీలు కూడా ఉంటాయి. అందులోంచి ఒకటి ఆమెకు ఎప్పుడూ చదవనిది తీశాను. గంట, మామిడి, కుర్చీ అంటూ పదీ చదివి ఆగాను.

ఆమె ఉత్సాహంగా నిటారుగా కూర్చుంది. కాలి కింద మిషను తొక్కుడు లేకపోయినా పాదం కదులుతోంది.

"గొడుగు, చేప, బడి, నిప్పు, అద్దం, తాడు, పెళ్లి, కొండ, పాలు, రైలు."

"ఇప్పుడు నేను చదివినవి చెప్పు."

"అయ్యే గదా చెప్పినాను."

అని, నా మొహంలోకి చూసింది. పల్లెల్లో నాలుగో మాట దగ్గర ఆగినవాళ్లు చూసిన చూపు అది. నేను మొహాన్ని ఎలా ఉంచానో ఆ దేవుడికే తెలియాలి. ఉద్యోగంలో నేర్చిన విద్యంతా ఆ ఒక్క నిమిషం కోసమే నేర్చానేమో.

"ఎన్నయ్యా?" అంది మెల్లగా.

"పదికి పది."

"నీ రూలు ఏమైంది?"

"ఈ పొద్దుకు లేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

నెల్లూరు డాక్టరు మంచివాడు. నిదానంగా చూశాడు. బయటికి వచ్చేముందు, ఆమెను నర్సు దగ్గర కూర్చోబెట్టి లోపలికి తిరిగివెళ్లి, ముందే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ఆగేది కాదండీ. కొంతకాలం కలిసొచ్చేదేమో" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆ కొంతకాలం ఎంతో నేను అడగలేదు. అది ఎక్కడ ఖర్చయిందో నాకు తెలుసు. టీకొట్టులో ఖర్చయింది.

ట్యాబ్ అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాను. నన్ను ఎప్పుడు రిటైరయ్యారని అడిగేవాళ్లుంటే చెప్పేవాణ్ని, ఆమె నన్ను ఉద్యోగంలోంచి తీసేసింది, తనే పని ఇచ్చింది అని. జడ అల్లడం నేర్చుకున్నాను. మూడు పాయలూ నా చేతిలో మూడు పార్టీలుగా విడిపోయేవి. చీర కుచ్చిళ్లు నేర్చుకున్నాను. గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోతుందని వంటా నాదే అయింది. తింటూ, "ఎవురు చేసినారో, ఉప్పు ఎక్కువేసినారు" అనేది. ఉప్పు అన్న మాట తిరిగొచ్చిందని ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్తే నవ్వుతారు. మరుసటిరోజు మళ్లీ పోయింది.

కొన్నాళ్లకు నన్ను సార్ అనడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం పీట వేసుకుని ఆమెకు గోళ్లు తీస్తున్నాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. "మా ఆయన ఊళ్లో లేడు సార్" అంది మర్యాదగా. "ఉదయగిరి పోయినాడు. సాయంత్రం బస్సుకొస్తాడు. అప్పుడు రా."

ఎన్ని గడపల్లోనో విన్న మాట. ఇంట్లో ఎవరూ లేరు, తరువాత రమ్మని. అలాంటప్పుడు ఏమనాలో కూడా నేర్పించారు మాకు. అలాగేనమ్మా, మళ్లీ వస్తాను అనాలి. అది అనకుండానే పీట మీంచి లేచాను. ఆమె జాలిపడి, "కూర్చో సార్, ఎండనబడి వచ్చినావు" అంది.

కూర్చున్నాను. అడగకూడదని తెలుసు. అడిగాను.

"మీ ఆయన ఎట్లాంటి మనిషమ్మా?"

ఆలోచించింది. పట్టీలో లేని ప్రశ్న కదా, బాగా ఆలోచించింది.

"మంచోడే సార్. నవ్విస్తాడు." కొంచెం ఆగింది. "ఏం చెప్పినా నవ్వుతాడు. నేను ఒక్కోతూరి నవ్వేదానికి చెప్పను సార్. నాకు భయమేసి చెప్తా. ఆయన నవ్వుతాడు. ఇంగ నేనూ నవ్వేస్తా."

తరువాత తానే చెయ్యి చాపింది. మిగిలిన గోళ్లు తీశాను. కళ్లు మసకలు కమ్మి, ఒకచోట లోతుగా తెగింది. ఆమె అమ్మా అనలేదు. కొత్త మనిషి ముందు అనకూడదనుకుందేమో.

అప్పటినుంచి నాకు పరీక్ష మీద కక్ష పట్టుకుంది. న్యాయంగా చూస్తే దాని తప్పేమీ లేదు. చేయొద్దన్న చోట చేసింది నేను. అయినా తనమీద తాను కక్ష కట్టి బతకడం కష్టం, పరీక్ష మీద కట్టడం కొంచెం తేలిక. ఆ పది మాటలూ ప్రతి పొద్దూ నా చెవిలో పడి, ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అని నన్ను జోకొట్టాయి. వాటిని ఏం చేయగలను?

నిరుడు ఎండాకాలం కొత్త ఇళ్లు కొన్ని సర్వేలోకి చేర్చినట్టున్నారు, మా వీధి వంతు వచ్చింది. ఒక ఆడమనిషి వచ్చింది, ముప్పై లోపే ఉంటుంది. నెల్లూరు నుంచి వస్తున్నానంది. సంచి చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు నేనూ అదే పని చేశానని చెప్పాల్సిన ధర్మం ఉంది. చెప్పలేదు.

మా ఆవిడ తరఫున జవాబులు నేనే చెప్పాను. అవన్నీ నిజాలే. మునుపటితో పోలిస్తే ఎలా ఉంది అన్నప్పుడల్లా పాత మనిషినీ ఇప్పటి మనిషినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలి. ఈ పని ఎంతమంది చేత చేయించానో అని సిగ్గేసింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. నా వంతు వచ్చాక మాత్రం, "అమ్మగారు కాసేపు లోపల కూర్చుంటే బాగుంటుంది సార్" అంది.

"కూర్చోదమ్మా. నేను కనపడకపోతే వెతుకుతాది. నన్నే వెతుకుతాదో ఇంకెవర్ని వెతుకుతాదో తెలీదు. వెతకడం మాత్రం వెతుకుతాది."

ఆ అమ్మాయి సరేనంది. పది మాటలు చదివింది. ఏ పట్టీయో రెండో మాటకే తెలిసిపోయింది నాకు. తలకిందులుగా అడిగినా చెప్పగలను. చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగాను.

నా ఆలస్యం చూసి మా ఆవిడ కుర్చీలో ముందుకు వంగింది. "పాపం, సారుకు రాలేదు" అంది ఆ అమ్మాయితో. నావైపు తిరిగి, రహస్యంగా, అందరికీ వినపడేలా, "చింతచిగురు" అంది.

"మీరు చెప్పకూడదమ్మా" అంది ఆ అమ్మాయి.

"చెప్పకపోతే ఆయనకెట్టొచ్చాది?"

పట్టీలో చింతచిగురు లేదు.

"చింతచిగురు" అన్నాను.

మా ఆవిడ మొహం వెలిగింది. "పుల్లట్టు" అని అందించింది. పుల్లట్టు అన్నాను. "మేకపిల్ల." మేకపిల్ల. "మా పెద్దక్క." మా పెద్దక్క అన్నాను, నాకు లేని అక్కను నా ఖాతాలో వేసుకుంటూ. "చలి." చలి. ఆ తరువాత ఆమెకేమీ తట్టలేదు. ఆమె ఆగినచోట నేనూ ఆగాను. ఇంకేమైనా గుర్తున్నాయా సార్ అని ఆ అమ్మాయి పద్ధతి ప్రకారం అడిగింది. లేవన్నాను.

పెన్షను గురించి, నిద్ర గురించి, కీళ్ల గురించి ప్రశ్నలు నడిచాయి. మా ఆవిడ వీధిలో పోయే ఐసుబండి వైపు తిరిగిపోయింది. ఇందాక ఏమందో ఆమెకు గుర్తులేదు. అప్పుడు ఆ అమ్మాయి మళ్లీ అడిగింది, ఇందాకటి మాటలు ఏమైనా గుర్తున్నాయా అని.

చింతచిగురు, పుల్లట్టు, మేకపిల్ల, మా పెద్దక్క, చలి అన్నాను. ఒక్కటీ పోలేదు, వరసా తప్పలేదు. ఆ అమ్మాయి తల వంచి సున్నా కొట్టింది. పడమటి నెల్లూరులో ఒక ముసలాయనకు ఒక్క మాటా గుర్తులేదని ఆ దేశాలన్నీ లెక్క రాసుకోనీ.